ఘాట్ రోడ్డు ఎక్కే ముందు

"నాకు కొండ పడదండీ డాక్టరుగారూ" అన్నారు మొన్న ఒకావిడ. వయస్సు నలభై ఆరు. ఏటా కుటుంబంతో గుంటూరు నించి కారులో శ్రీశైలం వెళతారు. దారిలో త్రిపురాంతకంలో ఆగి, చెరువులోని బాలా త్రిపురసుందరి అమ్మవారినీ, కొండమీది త్రిపురాంతకేశ్వరుణ్ణీ చూసుకొని, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా ఘాట్ ఎక్కుతారు. దోర్నాల దాటి అడవిలో మలుపులు మొదలయ్యేసరికి ఆవిడకు కడుపులో తిప్పడం, చల్లచెమటలు, వాంతులు. పైకి చేరాక ఏ పాతాళగంగ మెట్లో ఎక్కాలంటే ఆయాసం, గుండెదడ. తిరిగి వచ్చాక రెండు రోజులు మంచం. "ఎత్తు కదండీ, గాలి పలచబడుతుంది. అందుకే ఈవిడకు పడదు" అని పక్కనించి వాళ్ళాయన నాకు వైద్యం చెప్పారు.

పాపం ఆయన తప్పేమీ లేదు. చాలా ఇళ్ళలో ఇదే మాట. ప్రయాణంలో ఏం జరిగినా ఆ పాపం కొండమీదికి తోసేస్తాం. అందుకే ముందు కొండను నిర్దోషిగా విడుదల చేద్దాం. ఎత్తువల్ల గాలి పలచబడి మనిషికి జబ్బు చెయ్యడమనేది సాధారణంగా ఎనిమిది వేల అడుగులు దాటాకగాని మొదలు కాదు. కేదారనాథ్ పదకొండు వేల అడుగుల పైచిలుకు ఎత్తులో వుంది, అక్కడ ఆ భయం నిజమే. మన దోర్నాల ఘాట్ దారిలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరేశ్వరం మూడు వేల అడుగుల లోపే. శ్రీశైలం అంతకంటే కిందనే వుంది. అక్కడి గాలిలో మీకు కావలసినంత ప్రాణవాయువు వుంది. కాబట్టి అక్కడ ఆయాసం వచ్చిందంటే దాని కారణం మీతోపాటు మీ ఊరినించి కారులో వచ్చిందన్నమాట. ఎక్కేటప్పుడు చెవులు దిబ్బళ్ళు పడితే మాత్రం అది ఎత్తువల్లనే. గుటక వేసినా, ఆవులించినా పోతుంది. చంటిపిల్లకు పాలు పడితే చాలు.

ఇక వాంతుల సంగతి. చెవి వున్నది వినడానికి మాత్రమే కాదు. లోపలి చెవిలో అర్ధచంద్రాకారంలో మూడు సన్నని గొట్టాలున్నాయి. వాటిలో ద్రవం వుంటుంది. మీ తల ఎటు తిరిగితే అటు ఆ ద్రవం కదిలి, 'తిరుగుతున్నాం' అని మెదడుకు కబురు పంపుతుంది. కారు వెనక సీటులో కూర్చొని, తల వంచి సెల్‌ఫోన్ చూసుకొంటున్న పిల్లవాడి కళ్ళు ఏం కబురు పంపుతాయి? 'కదలకుండా కూర్చొన్నాం' అని. ఒకే సమయంలో రెండు పరస్పర విరుద్ధమైన కబుర్లు. ఈ తగవు తీర్చలేక మెదడు కడుపుమీద పడుతుంది. కారు నడిపే మనిషికి వాంతులు రావు, గమనించారా? మలుపు ఎప్పుడు వస్తుందో, ఎటు తిప్పాలో అతనికి ముందే తెలుసు. కన్నూ, చెవీ, చేతులూ ఒకే మాట మీద వుంటాయి.

ఇది తెలిస్తే సగం వైద్యం అయిపోయినట్టే. వాంతులయ్యే మనిషిని ముందు సీటులో కూర్చోబెట్టండి. తల సీటుకు ఆనించి, దూరంగా రోడ్డు ఎటు వంగుతుందో చూస్తూ వుండమనండి. పుస్తకం, సెల్‌ఫోన్ వద్దు. అవి చూడకుండా వుండలేని పిల్లలకు కళ్ళు మూసుకొని పడుకోవడం మేలు. రెండేళ్ళ లోపు పిల్లలకు ఈ బాధ దాదాపు వుండదు. ఆ తరవాత పన్నెండేళ్ళ దాకా బాగా ఎక్కువ. పార్శ్వపు తలనొప్పి వున్న ఆడవాళ్ళకు, గర్భిణులకు మరీ ఎక్కువ. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ముందు సీటు క్షేమం కాదు. వాళ్ళను వెనక మధ్య సీటులో, బెల్టుతో, ముందు అద్దంలోంచి రోడ్డు కనబడేట్టు కూర్చోబెట్టండి.

ఖాళీ కడుపుతో బయలుదేరితే వాంతి రాదనుకోవడం పొరపాటు. వాంతి రాకపోవచ్చునేమోగాని వికారం ఎక్కువవుతుంది. రెండు ఇడ్లీలు తిని బయలుదేరండి. ఘాట్ ఎక్కబోతూ హోటల్లో నూనె పూరీలు తిని, పైన ఒక కాఫీ పోసి, ఆ తరవాత నన్నడిగితే నేను చెయ్యగలిగింది లేదు. డాష్‌బోర్డు మీద దేవుడి పటం వుండనివ్వండి. అగరువత్తి మాత్రం వెలిగించకండి. మల్లెపూల చెండు, కారులో వేలాడదీసే సెంటు సీసా, డీజిల్ వాసన, అన్నీ వికారానికి చుట్టాలే. అద్దం కొంచెం దించితే గాలే మందు. నిమ్మకాయ వాసన చూడటం, ఉసిరిక ముక్క బుగ్గన పెట్టుకోవడం మన ఆడవాళ్ళకు ఎప్పటినించో తెలుసు. హాని లేదు, కొందరికి హాయిగా వుంటుంది. అల్లం కొంతమందిలో నిజంగానే పనిచేస్తుంది. పొట్టమీద న్యూస్ పేపరు కట్టుకొనేవాళ్ళను కూడా చూశాను. పేపరుకు ఆ శక్తి వున్నట్టు నాకు తెలియదు. వాంతి వచ్చాక పనికొస్తుంది.

వీటికీ లొంగకపోతే మాత్రలున్నాయి. ప్రోమెథజీన్, మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ జాతివి. ఏది, ఎంత, ఎప్పుడన్నది మీ డాక్టరునడిగి తెలుసుకోండి. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఇవి వాంతి మొదలయ్యాక మింగవలసినవి కావు. మొదటి మలుపుకు కనీసం అరగంట, కొన్నయితే గంట, రెండు గంటలు ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. నిలిచినా కడుపు దాన్ని ముందుకు పంపదు. జ్వరంలో వాంతులకు వాడే ఒండాన్‌సెట్రాన్ మాత్ర ఈ ప్రయాణపు వాంతులకు పెద్దగా పనిచెయ్యదు. కంట్లో నీటి ఒత్తిడి జబ్బు వున్నవాళ్ళు, ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం కష్టంగా వచ్చే పెద్దవాళ్ళు డాక్టరుతో చెప్పకుండా వీటి జోలికి పోరాదు. రెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వనే కూడదు.

ఈ మాత్రలన్నిటికీ ఒక గుణం సామాన్యం. నిద్ర తెప్పిస్తాయి. వెనక సీటులో కూర్చొన్నవాళ్ళకు అది వరమే. కారులో ఒక్క మనిషి మాత్రం వీటిని ముట్టుకోకూడదు. అతనే స్టీరింగు పట్టుకొన్నవాడు. ఆ సంగతి అందరికీ తెలుసంటారా? వాంతుల మాత్ర డ్రైవరు వేసుకోడు, నిజమే. జలుబు మాత్ర వేసుకొంటాడు. ముక్కు కారుతోందని, దురద పుడుతోందని మందుల షాపులో అడిగి తెచ్చుకొనే చాలా మాత్రల్లో ఇదే జాతి మందు వుంటుంది. రాత్రి వేసుకొన్నా పొద్దున దాకా మగత వుంటుంది. బయలుదేరే ముందు కారు చక్రాల్లో గాలి చూసుకొంటారు కదా, అదే చేత్తో "నిన్న ఏమైనా మాత్ర వేసుకొన్నావా నాయనా?" అని కూడా అడగండి. మీ అబ్బాయే నడుపుతున్నా అడగండి.

మాత్రకంటే పెద్ద శత్రువు నిద్రలేమి. ఆ దారి అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోది. అందుకని రాత్రి తొమ్మిది నించి పొద్దున ఆరు దాకా దోర్నాల దగ్గర గేటు వేస్తారు. పండగ రోజుల్లో సడలిస్తారేమోగాని మామూలుగా పద్ధతి అది. దీనివల్ల రెండు రకాల మనుషులు తయారయ్యారు. గేటు పడేలోపు దాటాలని చీకట్లో తరుముకొంటూ వచ్చేవాళ్ళు ఒకరు. ఆఫీసు వదలిన తరవాత బయలుదేరి, ఏ రెండింటికో దోర్నాల చేరి, కారులోనే కూర్చొని తూగి, ఆరు కొట్టగానే అందరికంటే ముందు ఎక్కాలని ఇంజను స్టార్ట్ చేసి వుంచేవాళ్ళు మరొకరు. ఈ రెండోవాళ్ళను తల్చుకొంటే నాకు ఎక్కువ భయం.

లెక్క చూడండి. డ్రైవరు ముందురోజు పొద్దున ఆరింటికి లేచాడు. పగలంతా పనిచేసి, రాత్రి కారు నడిపాడు. పదిహేడు గంటలపాటు నిద్ర లేకుండా వున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం సారాయి వున్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోతుందని 1997లో ప్రకటించిన పరిశోధన వుంది. మన చట్టం ఒప్పుకొనేది 0.03 శాతం. అంటే చుక్క ముట్టకుండానే అతను చట్టం హద్దు దాటి కూర్చొన్నాడు. పోలీసు గొట్టం పెట్టి ఊదమంటే మాత్రం ఏమీ తేలదు. అలసిన మెదడు కళ్ళు తెరిచి వుండగానే రెండు మూడు సెకన్లు నిద్రపోతుంది. అతనికే తెలియదు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే కారు ముప్పై మూడు మీటర్లు పోతుంది. దోర్నాలకూ శ్రీశైలానికీ మధ్య సుమారు యాభై కిలోమీటర్ల దారిలో, చిన్నారుట్ల దగ్గరి మలుపుల్లాంటి చోట, ముప్పై మూడు మీటర్లు కళ్ళు మూసుకొని తిన్నగా పోతే ఏమవుతుందో నేను రాయనక్కరలేదు.

కాఫీ తాగితే, మొహం కడుక్కొంటే, పాటలు గట్టిగా పెట్టుకొంటే నిద్ర ఆగదు. కాస్త వాయిదా పడుతుంది, అంతే. నిద్రకు మందు నిద్రే. మార్కాపురంలోనో, ఎర్రగొండపాలెంలోనో, దోర్నాలలోనో గది తీసుకొని డ్రైవరును కనీసం అయిదారు గంటలు కాళ్ళు చాపుకొని పడుకోనివ్వండి. అద్దె డ్రైవరుకు ఆడవాళ్ళు సామాను దించే పని చెప్పకండి. రాత్రి గేటు పులులకోసం వేసిందే కావచ్చు. మీ డ్రైవరు కళ్ళకు కూడా అది పనికొస్తుంది. ఆరింటికి తీశారని ఆరింటికే ఎక్కాలని రూలు లేదు. తొమ్మిదింటికి ఎక్కినా మల్లన్న అక్కడే వుంటాడు.

నేను మెకానిక్‌ను కాను. కాని ప్రమాదాల తరవాత కుట్లు వేసేవాణ్ణి కనక దిగే దారి గురించి ఒక మాట. ఎక్కేటప్పుడు బండికి కష్టం, దిగేటప్పుడు మనిషికి కష్టం. మొత్తం దారంతా బ్రేకు మీద కాలు తొక్కిపెట్టి దిగితే బ్రేకులు కాలిపోయేంత వేడెక్కి, చివరికి తొక్కినా పట్టుకోవు. ఏ గేరులో ఎక్కారో దాదాపు ఆ గేరులోనే దిగండి. బండిని ఇంజనే పట్టుకొంటుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో పెట్టో, ఇంజను ఆపో దిగేవాళ్ళున్నారు. ఇంజను ఆగితే చాలా కార్లలో బ్రేకు రాయిలా బిగుసుకొంటుంది, స్టీరింగు బరువెక్కుతుంది. కాలిన వాసన వస్తే ఖాళీ చోటు చూసి ఆపి, చల్లారనివ్వండి. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలన్నది మన దేశపు రోడ్డు నియమాల్లో వున్న మాటే. మలుపులో బండి ఆపి కోతులకు అరటిపళ్ళు వెయ్యడం మాత్రం భక్తి కాదు. వెనకవచ్చే బస్సుకు మీరు కనబడరు. కోతి కరిచినా, గీరినా సబ్బూ నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు పిచ్చికుక్క కాటుకు వేసే టీకా వేయించుకోవాలి.

మధుమేహం వున్నవాళ్ళకు వేరుగా చెప్పాలి. దర్శనమయ్యేదాకా ఏమీ తినమని మొక్కుకొంటారు. మాత్ర మాత్రం అలవాటుగా వేసుకొంటారు, లేదా ఇన్సులిన్ పొడుచుకొంటారు. తిండి లేదు, మందు వుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, విసుగు, తరవాత మాట తడబడటం, తికమక. ఇదే మనిషి స్టీరింగు దగ్గర వుంటే? ఉపవాసం వుండేవారు కారు నడపవద్దు. నడిపేవారు ఉపవాసం వుండవద్దు. ఆ రోజు మందు ఎంత తగ్గించాలో బయలుదేరకముందే డాక్టరునడగండి. జేబులో గ్లూకోజ్ గాని, పంచదార పొట్లం గాని పెట్టుకోండి. చెమట పట్టగానే కారు పక్కకు ఆపి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ తాగాలి. తగ్గిందని వెంటనే గేరు వెయ్యకండి, మెదడు పూర్తిగా కోలుకోవడానికి మరో ముప్పావుగంటన్నా పడుతుంది. ఇంకొకటి. దారిలో మూత్రానికి ఆగవలసి వస్తుందని రక్తపోటు మాత్ర ఎగవేసే అమ్మలు చాలామంది. మాత్ర మానకండి, మధ్యలో రెండుసార్లు ఆపమని గట్టిగా చెప్పండి. ఆపమని చెప్పడానికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మళ్ళీ మొదటి ఆవిడ దగ్గరకు వద్దాం. వాంతులు లోపలి చెవి పని. ఆయాసం? రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు గ్రాములు. వుండవలసింది పన్నెండు. నెలనెలా ఎక్కువగా రక్తం పోతోంది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో రెండు గదుల మధ్య తిరిగే మనిషికి ఆ ఏడు గ్రాములు సరిపోయాయి. మెట్ల దగ్గర చాలలేదు. ఏటా కొండ చెప్పింది, ఏటా వీళ్ళు కొండనే తిట్టారు. మరొకాయన, యాభై ఎనిమిది, ఎక్కేటప్పుడు రొమ్ములో పట్టేసినట్టుంటే గ్యాస్ అనుకొని సోడా తాగేవాడు. అది గుండె రక్తనాళాల జబ్బు. సమయానికి తేలింది కనక ఇవాళ ఈ మాట తేలిగ్గా రాయగలుగుతున్నాను.

అందుకే నా సలహా. మీరు ఎలాగూ త్రిపురాంతకంలో ఆగుతారు. శ్రీశైలానికి అది తూర్పు ద్వారం, ముందు అక్కడ దర్శనం చేసుకోవడం పెద్దల నాటి ఆచారం. (అక్కడినించి శ్రీశైలానికి సొరంగం వుందని కూడా చెప్పుకొంటారు. అది దొరికితే ఈ వ్యాసంతో పనిలేదు.) ఆ కుమారగిరి కొండను కారులో కాకుండా మెల్లిగా నడిచి ఎక్కండి. పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఎక్కగలుగుతున్నారా? సరే. మాట మధ్యలో ఆగిపోయి ఊపిరి అందక నిలబడవలసి వస్తే, రొమ్ములో, గొంతులో, దవడలో, ఎడమ చేతిలో బరువుగా వుంటే, దర్శనానికి దణ్ణం పెట్టుకొని, పైన నడక కార్యక్రమం మానుకోండి. తిరిగి వెళ్ళాక డాక్టరుకు చూపించండి. మధుమేహం వున్నవాళ్ళకు, ఆడవాళ్ళకు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగానే గుండెజబ్బు బయటపడవచ్చు. కూర్చొన్నా తగ్గని నొప్పి, చెమట అయితే మాత్రం దర్శనం సంగతి తరవాత. వెంటనే 108కి ఫోను చెయ్యండి. అడవిలో సిగ్నల్ అందకపోతే ఎదురు చూడకుండా, పైన వుంటే శ్రీశైలం, సున్నిపెంట వైపు, కింద వుంటే దోర్నాల, మార్కాపురం వైపు బండి తిప్పండి. జబ్బుపడిన మనిషి మాత్రం కారు నడపకూడదు.

పాతాళగంగ దగ్గర చాలామంది మోసపోయేది ఎందుకంటే అక్కడ ముందు దిగుడు, తరవాత ఎక్కుడు. వందల మెట్లు హుషారుగా దిగి, స్నానం చేసి, తడిబట్టలతో ఎక్కేటప్పుడు సంగతి తెలుస్తుంది. సందేహం వున్నవాళ్ళకు తీగ మీద నడిచే రోప్‌వే వుంది, వాడుకోండి. కైలాసద్వారం నించి భీముని కొలను వైపు దిగే పాత కాలిబాట ఇంకా కఠినం. శివరాత్రికి, ఉగాదికి వేలమంది ఆత్మకూరు వైపునించి పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నడిచి ఈ లోయ ఎక్కి వస్తారు. సరదాగా చూసి వద్దామని పైనించి దిగేవాళ్ళు, ఎంత దిగారో అంతా ఎక్కాలని దిగేముందే అనుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఎక్కుడుకంటే దిగుడే ఎక్కువ దెబ్బ. మోకాలి చిప్ప మీద శరీరం బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడి పడుతుంది. చేతికర్ర తీసుకొని, చిన్న చిన్న అడుగులు వేస్తూ అడ్డంగా దిగండి. కారులో రెండు గంటలు ముడుచుకొని కూర్చొని దిగగానే మెట్ల మీద పడకుండా, పది నిమిషాలు చదునైన చోట నడవండి.

నీళ్ళు మీవే తీసుకెళ్ళాలి, మనిషికి రెండు మూడు లీటర్లు. ఎండాకాలంలో వాగుల్లో నీరుండదు, వున్నా మరిగించకుండా తాగరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒకటి సంచిలో వేసుకోండి. ఎండలో చెమట ఆగిపోయి, ఒళ్ళు పెనంలా కాలుతూ, మాట తేడా వస్తే అది వడదెబ్బ. నీడకు తెచ్చి ఒంటినిండా నీళ్ళు పోసి విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి. మొక్కుకొని చెప్పులు లేకుండా నడిచే మధుమేహ రోగులు చాలా జాగ్రత్తగా వుండాలి. స్పర్శ తగ్గిన పాదానికి బండ కాలిందని తెలియదు, ముల్లు దిగిందని తెలియదు, పుండు పడ్డాక తెలుస్తుంది. ఆ మొక్కును ఇంకో రూపంలో తీర్చుకోండి. అడవిలో ఒంటరిగా, తెల్లవారుజామున, మునిమాపువేళ నడవకండి. ఎలుగుబంట్లు తిరిగే వేళలవి.

పొదల్లో, గడ్డిలో కూర్చోవద్దు. నిండు చేతుల చొక్కా, కాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. గడ్డిలో వుండే కంటికి కనబడని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి చెక్కు కట్టవచ్చు. నొప్పి వుండదు, చంకలోనో గజ్జలోనో వుంటే ఎవరూ చూసుకోరు. ఈ జ్వరం వెంటనే రాదు. ఇంటికి వచ్చి, ఫొటోలు అందరికీ చూపించి, ప్రయాణం సంగతి మరిచిపోయాక, సుమారు పది రోజులకు వస్తుంది. మలేరియా కూడా అంతే. అప్పుడు మీ డాక్టరు టైఫాయిడ్ అనుకొని మందు రాసే అవకాశం వుంది. "పది రోజుల కిందట నల్లమల అడవిలో నడిచాను" అని ఒక్క ముక్క చెప్పండి. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది.